కరెంటు ఇంటికి, గంధకం గాలికి

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం సభలో మాట్లాడిన మాటలు ఇవి. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండమ్మా, మొహమాటం వద్దు. వెనక ఫ్యాన్ కింద ఉన్నవాళ్ళు అక్కడే కూర్చోండి, పర్వాలేదు. గొంతు వినపడుతోందా? సరే.

ఒక మాట అడుగుతాను. ఎర్రగుంట్ల నుంచి ముద్దనూరు వైపు రైల్లోనో బస్సులోనో పోయినవాళ్ళు చేతులెత్తండి. దాదాపు అందరూ. దారిలో ఆర్టీపీపీ, అదే రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటు, బొగ్గు కాల్చి కరెంటు తీసేది, కనపడుతుంది కదా. అందులో పొగ ఏది అంటే మీరు దేన్ని చూపిస్తారు? చెప్పు పాపా. కూలింగ్ టవర్ల దగ్గర తెల్లగా, దట్టంగా లేచేదాన్ని. ఎవరిని అడిగినా దాన్నే చూపిస్తారు, పేపర్లో ఫోటో వేసేవాళ్ళు కూడా దాన్నే వేస్తారు. అది నీటి ఆవిరి, వేడి నీళ్ళు చల్లారేటప్పుడు లేచేది. అసలు పొగ పక్కనున్న సన్నటి ఎత్తు చిమ్నీ నుంచి పోతుంది. దాని మూతి దగ్గర చూస్తే పల్చగా, బూడిద రంగులో, ఒక్కోరోజు ఉందో లేదో తెలియనంతగా ఉంటుంది. ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ కనపడనిదాని గురించే.

ఆ ప్లాంటు ఉన్నది కలమళ్ళ దగ్గర. తెలుగులో ఇప్పటిదాకా దొరికినవాటిలో మొట్టమొదటిదని చెప్పే రేనాటి చోళుల శాసనం, 575 నాటిది, ఆ ఊరిదే. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి, మన జిల్లా గొప్పతనం. అదే ఊరు ఇప్పుడు రాష్ట్రానికి కరెంటు ఇస్తోంది. 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 600 మెగావాట్లది ఒకటి, మొత్తం 1650 మెగావాట్లు. ఎంతోమందికి ఉద్యోగాలిచ్చింది, మన మోటార్లు తిప్పింది. దాన్ని మూసేయమని చెప్పడానికి నేను రాలేదు, ఈ మాట ముందే చెబుతున్నాను. ఉన్నన్నాళ్ళు దాన్ని ఎలా నడపాలి, మనం ఏమి అడగాలి, అది చెప్పడానికి వచ్చాను.

ఇప్పుడు లెక్క చేద్దాం. భయపడకండి, కూడికలు, గుణకారాలే. వంద టన్నుల బొగ్గు తీసుకోండి. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ, వందకు ముప్పై ఐదు, నలభై టన్నుల దాకా బూడిదే. అంటే మనం సింగరేణి నుంచి రైలెక్కించి తెచ్చేదాంట్లో మూడో వంతు పైన మట్టి. గంధకం మాత్రం తక్కువ, సుమారు అర శాతం. అర శాతమే కదా అంటారు. ఆగండి. వంద టన్నుల్లో అర శాతం అంటే అర టన్ను గంధకం. అది మండితే ఒక్కో గంధకపు పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు అతుక్కుంటాయి. గంధకం బరువు 32, రెండు ఆక్సిజన్లు కలిపి మళ్ళీ 32. అంటే బరువు రెట్టింపవుతుంది. అర టన్ను గంధకం ఒక టన్ను సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. కొద్దిగా బూడిదలో ఉండిపోతుంది, మిగిలింది గాలిలోకి. వంద టన్నుల బొగ్గుకు ఒక టన్ను, ఈ లెక్క నోటికి వచ్చేయాలి మీకు.

మరి ఎంత బొగ్గు కాలుతుంది? మన మీటర్లో తిరిగే ఒక యూనిట్ కరెంటుకు సుమారు ఏడు వందల గ్రాముల బొగ్గు కావాలి. మళ్ళీ చెబుతున్నాను, ఒక్క యూనిట్‌కు ముప్పావు కిలోకు కాస్త తక్కువ. 210 మెగావాట్లది నిండుగా తిరిగితే గంటకు నూట నలభై టన్నులు దాటుతుంది. అన్నీ కలిపి నిండుగా తిరిగితే గంటకు వెయ్యి టన్నుల పైమాటే. అంటే గంటకు పది టన్నుల పైన గంధకపు పొగ. రోజూ నిండుగా తిరగవు, నాకు తెలుసు, పగలు సోలార్ ఉన్నప్పుడు తగ్గిస్తారు. సగం అనుకోండి. సగమైనా గంటకు ఐదు టన్నులండీ. అది ఎక్కడికి పోతోంది?

దానికి ముందు బూడిద సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ మనవాళ్ళు బాగానే పని చేశారు. బాయిలర్ నుంచి వచ్చే పొగలో దుమ్ము ఉంటుంది కదా, అది చిమ్నీకి పోకముందే ఒక పెద్ద పెట్టెలోంచి పోతుంది. ఈఎస్పీ అంటారు. లోపల పెద్ద పెద్ద ఇనుప రేకులు వరుసగా వేలాడుతుంటాయి, మధ్యలో తీగలు, వాటికి వేల వోల్టుల కరెంటు. దుమ్ము రేణువుకు కరెంటు ఎక్కుతుంది, పోయి రేకుకు అంటుకుంటుంది. కొంచెంసేపటికోసారి సుత్తి రేకును ఠంగుమని కొడుతుంది, పొర రాలి కింద హాపర్లో పడుతుంది. లోపల పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఆ అన్నకు తెలుసు ఆ చప్పుడు. అది బాగా పనిచేస్తే వెయ్యి పాళ్ళ దుమ్ములో తొమ్మిది వందల తొంభై తొమ్మిది పట్టేస్తుంది. ఆ బూడిదే ట్యాంకర్లలో సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది, మిగిలింది బూడిద చెరువుకు. చెరువు ఎండితే ఎండాకాలం గాలికి లేచి చీనీ, అంటే బత్తాయి చెట్ల ఆకుల మీద పడుతుంది, అది వేరే గోస, దానికి తడి పెట్టి ఉంచాలి, టార్పాలిన్ కట్టని లారీని ఆపాలి. అది కనపడే దుమ్ము, కనపడుతుంది కాబట్టి గొడవ చేస్తాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. బాయిలర్‌ను చల్లార్చి మళ్ళీ వెలిగించేటప్పుడు ముందు ఆయిల్‌తో వెలిగిస్తారు. ఆ సమయంలో ఈఎస్పీని పూర్తిగా ఆన్ చేయరు, సరిగా మండని ఆయిల్ లోపల చేరి మంట అంటుకుంటుందని. ఒక్కోరోజు నల్లటి పొగ కనపడి ఊరంతా టెన్షన్ పడేది చాలావరకు అప్పుడే. సోలార్ ఎక్కువైన కొద్దీ థర్మల్ యూనిట్లను తగ్గించడం, ఆపడం, మళ్ళీ వెలిగించడం పెరుగుతుంది. కాబట్టి అది కూడా లెక్కలోకి రావాలి.

సరే, గంధకానికి వద్దాం. ఈఎస్పీ దుమ్మును పడుతుంది, గ్యాసును పట్టదు. సల్ఫర్ డయాక్సైడ్ గ్యాసు. రేకుల మధ్య నుంచి హాయిగా పోతుంది. చిమ్నీ ఎందుకు అంత ఎత్తు? మన దేశంలో 200 నుంచి 500 లోపు మెగావాట్ల యూనిట్లకు 220 మీటర్లు, 500, అంతకంటే పెద్దవాటికి 275 మీటర్లు కట్టమన్నారు. ఎత్తు పెంచితే పక్క ఊర్లో పడేది తగ్గుతుంది, నిజమే. మరి పోయిందా అది? పోలేదు. దూరం పోయింది, అంతే.

దూరం పోయి ఏమవుతుంది? ఇక్కడే అసలు విషయం, కాస్త మనసు పెట్టి వినండి. రాత్రి పాలల్లో తోడు వేసి పడుకుంటాం, పడుకునేటప్పుడు పాలే, తెల్లారేసరికి గట్టిపడి ఉంటుంది. ఆ గ్యాసు కూడా అంతే. గాలిలో పోతూ పోతూ ఎండకు, తేమకు, మబ్బులో నీటికి తగిలి, గంటలు, రోజులు గడిచేకొద్దీ సల్ఫేట్‌గా మారుతుంది. సల్ఫేట్ అంటే గ్యాసు కాదు, సన్నటి రేణువు. ఎంత సన్నం? పీఎం 2.5 అంటారే, మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు, ఆ జాతిది. ముక్కులో వెంట్రుకలు ఆపలేవు, గొంతు ఆపలేదు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది. చిమ్నీ దగ్గర మీటరు పెట్టి కొలిస్తే దుమ్ము తక్కువ అని వస్తుంది, అబద్ధం కాదు. ఆ దుమ్ము అక్కడ పుట్టలేదు, పదుల, వందల కిలోమీటర్ల అవతల పుడుతుంది. ఆ ఊరివాళ్ళకు అది ఎక్కడిదో తెలియదు. ప్రొద్దుటూరులోనో మైదుకూరులోనో ఒక ముసలాయనకు ఆయాసం వస్తే చలికాలం కదా అనుకుంటారు. ఎవరు చెప్పాలి వాళ్ళకు?

ఇది నా సొంత మాట కాదు. 2023లో ‘సైన్స్’ అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అమెరికాలో 1999 నుంచి 2020 దాకా, ముసలివాళ్ళ వైద్య రికార్డులు పెట్టుకుని, ఏ ప్లాంటు పొగ ఎటు పోయిందో లెక్కగట్టి చూశారు. బొగ్గు ప్లాంట్ల గంధకం వల్ల పుట్టిన సన్న ధూళికి సుమారు 4,60,000 మరణాలు తేలాయి. మామూలు సన్న ధూళి కంటే ఈ బొగ్గు ధూళికి ప్రాణం పోయే ముప్పు రెండింతల పైన ఉందని తేల్చారు. వాళ్ళు ఇంకో మాట కూడా చెప్పారు, అది నాకు ఎక్కువ నచ్చింది. ప్లాంట్లకు గంధకం పట్టే యంత్రాలు పెట్టాక, కొన్నింటిని మూసేశాక, ఆ మరణాలు బాగా పడిపోయాయి. చూశారా, తగ్గించొచ్చు. ఇది తలరాత కాదు.

చైనా సంగతి చూడండి. మనకంటే ఎంతో ఎక్కువ బొగ్గు కాలుస్తుంది. 2017లో నాసా ఉపగ్రహం కొలతలతో వచ్చిన పరిశోధనలో తేలింది, 2007 నుంచి చైనా సల్ఫర్ డయాక్సైడ్ నాలుగింట మూడు వంతులు తగ్గించింది, అదే కాలంలో మనది సగం మేర పెరిగింది.

మన కాళ్ళ కింద ఉన్న మందు

దీన్ని పట్టే యంత్రం పేరు ఎఫ్‌జీడీ. పేరు ఏదైతేనేం, లోపల జరిగేది చూపిస్తాను. ఇదిగో, ఈ రాయి ఏమిటో చెప్పండి. కడప రాయి. నాపరాయి. మన ఇళ్ళలో బండలు ఇవే కదా. దీని మీద రెండు చుక్కలు పల్చటి యాసిడ్ వేస్తున్నాను. పిల్లలూ, దగ్గరికి రావద్దు, అక్కడి నుంచే చూడండి. బుసబుసమని నురగ వస్తోంది, చూశారా? ఇది సున్నపురాయి జాతి, పులుపు తగిలితే ఊరుకోదు. గంధకపు పొగ కూడా నీళ్ళలో కలిస్తే యాసిడే. సున్నపురాయిని మెత్తగా పొడి చేసి, నీళ్ళలో కలిపి, ఆ చిక్కటి నీళ్ళను పొగ పోయే దారిలో వానలా కురిపిస్తారు. గంధకం దానికి అంటుకుంటుంది. గాలి ఊదితే జిప్సం అవుతుంది. జిప్సం ఎవరు కొంటారు? సిమెంటు ఫ్యాక్టరీలు. ఎర్రగుంట్ల చుట్టూ ఏముంది? సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు.

నాకు ఇది తలుచుకుంటే మనసు మండుతుంది. దేశంలో ఏ థర్మల్ ప్లాంటుకైనా రాయి దూరం నుంచి తేవాలేమో, మనకు కాళ్ళ కిందే ఉంది. గ్రేడు పరీక్ష చేసి మంచిది ఏరుకోవాలి, అన్ని గనుల రాయీ పనికిరాదు. కానీ ఒక టన్ను సల్ఫర్ డయాక్సైడ్‌కు ఒకటిన్నర టన్నులకు కాస్త పైన రాయి చాలు, రెండున్నర టన్నులకు పైగా జిప్సం వస్తుంది. ఈ లెక్క ఇంటర్ పిల్లలు వేయగలరు.

మరి ఎందుకు పెట్టరు? 2015 డిసెంబరులో కేంద్రం నిబంధన తెచ్చింది. యూనిట్ సైజును, వయసును బట్టి ఘనపు మీటరు పొగలో సల్ఫర్ డయాక్సైడ్ 600 మిల్లీగ్రాములు, 200, 100 దాటకూడదని. రెండేళ్ళలో చేయాలన్నారు. తర్వాత 2022 అన్నారు, తర్వాత 2024 మొదలుకొని, తర్వాత ఇంకా ముందుకు. దేశమంతా 537 యూనిట్లకు పెట్టాల్సి ఉంటే పదేళ్ళలో పదో వంతు కూడా పూర్తి కాలేదు. చివరికి 2025 జులైలో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. పది లక్షల జనాభా దాటిన నగరాలకు, ఢిల్లీ ప్రాంతానికి పది కిలోమీటర్ల లోపలుంటే పెట్టాలి. బాగా కాలుష్యమున్న ప్రాంతాలకు, గాలి బాగాలేని నగరాల జాబితాలో ఉన్నవాటికి పది కిలోమీటర్ల లోపలుంటే కమిటీ చూసి చెబుతుంది. మిగతావాటికి చిమ్నీ ఎత్తు సరిపోతే చాలు, ఎఫ్‌జీడీ అక్కర్లేదు. మిగతావి ఎన్ని? నాలుగింట మూడు వంతుల పైన.

కడప ఆ జాబితాలో ఉంది, తెలుసా మీకు? కర్నూలు ఉంది, అనంతపురం ఉంది. జాతీయ ప్రమాణాలు అందుకోని ఊళ్ళని ప్రభుత్వమే రాసుకున్న జాబితా అది. కానీ కలమళ్ళ మన కడప నుంచి పది కిలోమీటర్ల లోపల లేదు. గాలికి పది కిలోమీటర్ల దగ్గర గేటు ఉంటుందా? ఇప్పుడే చెప్పుకున్నాం, గంధకం ధూళిగా మారేదే దూరం పోయాక. దగ్గర్లో ఉంటేనే పెట్టాలని రాసిన నిబంధన ఆ ఒక్క సంగతిని మరచిపోయింది.

ఎఫ్‌జీడీ అక్కర్లేదు అనేవాళ్ళ వాదన కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. మూడు మాటలు అంటారు. ఒకటి, మన బొగ్గులో గంధకం తక్కువ. తక్కువే, కానీ బూడిద ఎక్కువ కాబట్టి అదే కరెంటుకు ఎక్కువ బొగ్గు కాలుస్తాం, ఆ లాభం కొంత అక్కడ పోతుంది. రెండు, ప్లాంట్ల చుట్టూ గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ మన ప్రమాణం, ఒక రోజు సగటున ఘనపు మీటరు గాలిలో 80 మైక్రోగ్రాములు, దాటడం లేదు. నిజమే కావచ్చు. కానీ కొలవాల్సింది సల్ఫేట్‌ను, దాన్ని కొలిచే మీటరు ఎన్ని ఊళ్ళలో ఉంది? మూడు, సున్నపురాయి వాడితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, యంత్రానికి కరెంటు అవుతుంది, భూమి వేడెక్కుతుంది. ఇందాక నురగ చూశారు కదా, అదే ఆ కార్బన్ డయాక్సైడ్. లెక్క వేద్దాం. వంద టన్నుల బొగ్గు కాలిస్తే సుమారు నూట యాభై టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఆ వంద టన్నుల బొగ్గులోని గంధకాన్ని పట్టడానికి రాయి నుంచి వచ్చేది ముప్పావు టన్ను కూడా కాదు. యంత్రం తినే కరెంటు ఒకటి, ఒకటిన్నర శాతం. నూట యాభైకి మూడు కలిపినట్టు. ఆ మూడు చూపించి ఊపిరితిత్తుల సంగతి పక్కన పెట్టేస్తారా?

ఖర్చు మాత్రం నిజమైన ఖర్చే, మెగావాటుకు కోటి రూపాయల పైన. మన బిల్లులో కొన్ని పైసలు పెరుగుతాయి. ఆ మాట మనతో దాచాల్సిన పనిలేదు. అడగండి జనాన్ని. నెలకు బిల్లు ఇంత పెరుగుతుంది, గాలి ఇంత బాగుపడుతుంది అని ఎవరైనా ఎప్పుడైనా మనల్ని అడిగారా?

పెట్రోలులో చేసి చూపించారు

ఇప్పుడు బొగ్గును వదిలి కాసేపు ముడి చమురు దగ్గరికి పోదాం. చమురులోనూ గంధకం ఉంటుంది. తొంభైల మొదట్లో మన డీజిల్‌లో గంధకం ఒక శాతం దాకా ఉండేది, అంటే పది లక్షల పాళ్ళలో పది వేలు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ప్రమాణం ఇంధనం. ఇప్పుడు ఎంత? పది. పది వేల నుంచి పదికి. దీన్ని విశాఖలోనూ, చెన్నై దగ్గర మణలిలోనూ, రిఫైనరీల్లోనే చేశారు. డీజిల్‌లోకి హైడ్రోజన్ ఎక్కించి గంధకాన్ని గ్యాసుగా విడదీసి, ఆ గ్యాసును పసుపు పచ్చటి గంధకపు ముద్దగా మార్చి అమ్ముతారు. ఇదిగో ఈ డబ్బాలో ఉన్నది అదే జాతి, పట్టుకు చూడండి, అటు పంపండి. ఇది గాలిలోకి పోవాల్సిన సరుకు, డబ్బాలో ఉంది.

రిఫైనరీలు పవిత్రంగా ఉన్నాయని నేను అనడం లేదు. ట్యాంకుల నుంచి, పైపుల జాయింట్ల నుంచి బెంజీన్ ఆవిర్లు పోతాయి, అది క్యాన్సర్ తెచ్చే సరుకు. విశాఖలో రిఫైనరీ పక్క కాలనీల వాళ్ళను అడగండి వాసన సంగతి. బొగ్గును కోక్‌గా మార్చే బట్టీలు ఇంకా ఘాటు, తారు ఆవిర్లు, బెంజోపైరీన్ అనే ఇంకో క్యాన్సర్ సరుకు, అనంతపురం జిల్లా సరిహద్దు దాటితే బళ్ళారి వైపు ఉక్కు ఫ్యాక్టరీల్లో ఉంటాయి. ఇవి ఒక్కొక్కటీ ఒక్కో సాయంత్రం మాట్లాడాల్సినవి. నేను చెప్పేదల్లా, చట్టం గట్టిగా ఒక తేదీ పెట్టి ఇక జరపము అంటే, గంధకం తీయడం మన దేశంలోనే జరిగింది. కార్లున్నవాడికి, బైకులున్నవాడికి మంచి డీజిల్, పెట్రోలు వచ్చాయి. కలమళ్ళ చుట్టుపక్కల రైతుకు మాత్రం తేదీ జరుగుతూ జరుగుతూ చివరికి అక్కర్లేదు అయింది. ఎందుకు?

ఇప్పుడు బొగ్గును గ్యాసుగా మారుస్తామంటున్నారు. 2030కి పది కోట్ల టన్నుల బొగ్గును గ్యాసు చేయాలని లక్ష్యం, 2024 జనవరిలో 8,500 కోట్ల ప్రోత్సాహం ప్రకటించారు. దాంట్లో ఒక మంచి ఉంది, గంధకాన్ని ముందే విడదీయక తప్పదు, లేకపోతే లోపలి ఉత్ప్రేరకం పాడైపోతుంది. చూశారా, యంత్రం పాడవుతుందంటే తీస్తారు. కానీ కార్బన్ డయాక్సైడ్ విపరీతం. దక్షిణాఫ్రికాలో సెకుండా అని ఉంది, బొగ్గు నుంచి పెట్రోలు తీసే ఫ్యాక్టరీ, ఒకే చోట నుంచి ప్రపంచంలో ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదిలేవాటిలో అదొకటి. ఏ రూపంలోకి మార్చినా అడగాల్సింది ఒకటే ప్రశ్న, మార్చిన చోట ఏమి వదిలారు, ఎంత వదిలారు.

ఎలక్ట్రిక్ ఆటోల గురించి ఒకాయన సభకు ముందు అడిగారు. కొనండి, వీధిలో పొగ తగ్గుతుంది. పగలు ఛార్జింగ్ పెట్టుకుంటే గని అనే ఊరు, మైలవరం వైపు సోలార్ కరెంటు కూడా అందులో ఉంటుంది. రాత్రి పెడితే ఎక్కువగా బొగ్గే. పగలే పెట్టండి కుదిరితే.

సరే, ఏమి చేయాలి. మన ఊళ్ళలో గాలి కోసం వచ్చిన డబ్బు రోడ్లు ఊడ్చే మిషన్లకు, నీళ్ళు చల్లడానికి పోతోంది. రోడ్డు దుమ్ము తగ్గాలి, కాదనను. దాంతో ఆగకూడదు. ప్రతి ప్లాంటు చిమ్నీలో గంధకం ఎంత పోతోందో నిమిషనిమిషం కొలిచే మీటర్లు ఉన్నాయి, ఆ అంకెలు కాలుష్య నియంత్రణ మండలికి పోతాయి. అంకెలు ఉన్నాయి, మన చేతికి రాలేదు, అంతే తేడా. సమాచార హక్కు అర్జీ నమూనా ఒకటి తయారు చేశాను, నాలుగే ప్రశ్నలు. ఏ యూనిట్‌కు ఎఫ్‌జీడీ ఉంది, లేనివాటి సంగతి ఏమిటి. గత ఏడాది ఒక్కో చిమ్నీ నుంచి నెలవారీ సల్ఫర్ డయాక్సైడ్ సగటు ఎంత. ఆయిల్‌తో వెలిగించిన రోజులు ఏవి. జిల్లాలో సన్న ధూళిలో సల్ఫేట్ ఎంతో ఎప్పుడైనా కొలిచారా, కొలిస్తే ఎక్కడ.

నాలుగో ప్రశ్న కొట్టేయొద్దు, అది పెద్దగా అడగరు ఎవరూ. ఫీజు పది రూపాయలు. ఒక్కరు వేస్తే పక్కన పెడతారు, ఎర్రగుంట్ల, ముద్దనూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నుంచి తలా ఒకటి వేయండి, ఒకే రోజు పోస్టు చేస్తే ఇంకా మంచిది. కాగితాలు ఆ బల్ల మీద ఉన్నాయి, పెన్నులూ ఉన్నాయి. గంధకం డబ్బా ఎవరి దగ్గరుందో ఇటు ఇచ్చేయండి. ఇప్పుడు అడగండి, ముందు ఆ వెనక అమ్మ చెయ్యి ఎత్తింది, మైక్ అటు ఇవ్వండి.